మూడో తెప్ప మీద పచ్చ సేమియా

జూలై 3, సోమవారం

ఈ రోజు ఉప్పు.

పొద్దున పళ్ళు తోముకుంటుంటే వంటింటి అల్మరాలో టక్కుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే రెండో అర మీద ఎర్రదీపం వెలుగుతోంది. తాళం పడిపోయింది. నీళ్ళ మీద తేలే మా మూడో తెప్ప మీద ఉన్న ఇళ్ళన్నిట్లోనూ అదే సమయానికి అదే చప్పుడు అయి ఉంటుంది. కాసేపట్లో తిట్లు మొదలవుతాయి. ఆ తిట్లు, సరుకు వెనక్కి తీసుకోమని వాపసు ఉత్తర్వు ఇచ్చిన నేల మీది గట్టు ఆఫీసుకి చేరవు. తెప్ప మీద అంగడి నడిపేది నేను కాబట్టి నాకే చేరతాయి.

అంగడి తెరిచి, తెర మీద కారణం చదివాను. ‘సముద్రపు ఉప్పు’ అని ఉండాల్సిన చోట ‘సమద్రపు ఉప్పు’ అని అచ్చయిందట. ఉప్పులో దోషమేమీ లేదు. కొమ్ము ఒకటి పోయింది. అందుకని ఈ తీరంలో తేలుతున్న తెప్పలన్నిటి మీదా ఉప్పు వాపసు.

గోనెసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. వానలకి తెప్పంతా పాకుడు పట్టింది. అంచు వెంట కట్టిన తాడు పట్టుకుని నడవాల్సి వచ్చింది. తాళం పడిన అర నా వేలిముద్రకే తెరుచుకుంటుంది. తెరవడం, ప్యాకెట్ తీసి సంచిలో వేసుకోవడం, ఆ ఇంటివాళ్ళ మొహం చూడకుండా బయటికి రావడం. ఇదీ నా ఉద్యోగం.

మరిడియ్య బాబాయ్ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు. ఆయన ఒకప్పుడు లాంచీ నడిపేవాడు. ఇప్పుడు ఇద్దరు మనవలకి వండిపెట్టుకుంటూ ఇంట్లోనే ఉంటున్నాడు.

"ఏం వేణమ్మా, అక్షరం తప్పయితే కూర చెడిపోద్దా?" అన్నాడు.

"చెడదు బాబాయ్."

"మరెందుకు పట్టుకుపోతున్నావు?"

"నాకు చెప్పిన పని అది."

"అంతకు ముందు పసుపు పట్టుకుపోయావు. దానికంటే ముందు నూనె. నూనెకేం రోగం?"

"సీసా మూత రంగు వేరే వచ్చిందట."

ఆయన నవ్వలేదు. పక్కకి జరిగాడు. అరలో సగం ప్యాకెట్ ఉంది. మిగతా సగం పొయ్యి పక్కన పిడతలో ఉంది. నేను చూశాను. నేను చూడడం ఆయనా చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. సరుకు మొత్తం అల్మరాలో పెట్టుకునేవాళ్ళు ఈ తెప్ప మీద ఇప్పుడు ఎవరూ లేరు. ఇంటికి తెచ్చుకోగానే సగం తీసి డబ్బాల్లోనో, బిందెల్లోనో, మంచం కిందో దాచుకుంటారు. నా ఉప్పు కూడా కొంచెం గాజుసీసాలో ఉంది.

ఇలాంటివి నివేదికలో చెప్పొచ్చా అంటే, చెప్పొచ్చు. అంగడి మూసే ముందు మాటలు రికార్డు చేసే ఈ పెట్టెకి నోటితో నివేదిక చెప్పాలని రూలే గానీ, వినేవాళ్ళు లేరు. పోయినేడు వారం పొడుగునా గోంగూర పులుసు ఎలా పెట్టాలో చెప్పాను. అదేమిటని ఎవరూ అడగలేదు.

సాయంత్రం సరుకుల పడవ వచ్చింది. కొత్తది ఒకటే దిగింది, పచ్చ సేమియా. గట్టు మీద పాచి చెరువుల్లో పెంచిన పాచిని ఎండబెట్టి, పిండి చేసి, అందులోంచి తీసిందట. ఉప్మాకి బాగుంటుందని పడవవాడు చెప్పాడు. పిల్లలున్నవాళ్ళు నన్ను అరల్లో సర్దనివ్వలేదు. అట్టపెట్టెల్లోంచే తీసుకుపోయారు.

జూలై 5, బుధవారం

ఈ రోజు జీలకర్ర. ప్యాకెట్ అంచు అతుకు ఉండాల్సిన దానికంటే సన్నంగా ఉందట. ఇంతకు మించి దాని గురించి చెప్పడానికి నాకు ఓపిక లేదు.

మధ్యాహ్నం జుబేదా అంగడికి వచ్చింది. మా పక్కిల్లే. భర్త పోయాక వలలు అల్లి ఇల్లు నడుపుకుంటోంది. ఎనిమిదేళ్ళ కూతురు నూరీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బడిలో వాంతి చేసుకుందని పంపించేశారట.

"వాంతి సంగతి సరే అక్కా. పెదాలు లేనట్టుందంటోంది. అదేమిటో నాకు అర్థం కావట్లేదు," అంది.

నూరీని అడిగాను. చీమలు పాకుతున్నట్టుందంది. నాలుక మీద కూడా పాకుతున్నాయంది. నీళ్ళిస్తే మూతి పక్కనుంచి కారిపోయాయి.

తెప్పలకి నర్సు ఎస్తేరు ఒక్కతే. నాలుగో తెప్ప నుంచి దోనె మీద వచ్చింది. నాడి చూసింది, పొట్ట నొక్కింది, కళ్ళలోకి టార్చి వేసింది. ఏదో పడనిది తిని ఉంటుందంది. వెళ్ళబోతూ నన్ను బయటికి పిలిచింది.

"వేణక్కా, పొద్దున నాలుగో తెప్పలో కూడా ఇద్దరు పిల్లలు ఇదే మాట అన్నారు. పెదాలు తిమ్మిరంట. నీ అంగట్లో ఈ మధ్య కొత్తగా ఏమొచ్చాయి?"

చెప్పాను. ఇద్దరం అంగడి లోపలికి వెళ్ళి పచ్చ సేమియా ప్యాకెట్ ఒకటి పరీక్ష యంత్రంలో పెట్టాం. కాసేపు గిర్రున తిరిగింది. పచ్చదీపం వెలిగింది. శుభ్రం అని చూపించింది.

"పోనీలే, అది కాదన్నమాట," అంది ఎస్తేరు. నాకూ హాయిగా అనిపించింది. అప్పటికే చాలా అమ్మేశాను మరి.

జూలై 8, శనివారం

అదే. అది కాక మరోటి కాదు.

మా తెప్ప మీద ఇంకో నలుగురు పిల్లలు పడ్డారు. ఒక పిల్లవాడు నడుస్తుంటే తూలిపోతున్నాడు. ఎస్తేరు, నేను రెండ్రోజులు ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తిన్నారో అడిగాం. నీళ్ళు అందరివీ ఒకే ట్యాంకువి, జబ్బు మాత్రం కొన్ని ఇళ్ళలోనే ఉంది. పాలపొడి తాగని పిల్లలకీ వచ్చింది. ఎండుచేపలు వాసన కూడా చూడని ఇంట్లో ఇద్దరు పిల్లలకి వచ్చింది. సేమియా తినని పిల్లల్లో ఒక్కరికీ రాలేదు.

పర్యవేక్షకుడు శశిధర్ గారికి ఫోన్ చేశాను. గట్టు ఆఫీసులో మా తెప్పల సరుకంతా ఆయన చేతి కిందే. మనిషి చెడ్డవాడు కాదు. మాట మధ్యలో అడ్డు తగలకుండా అంతా విన్నాడు.

"సత్యవేణి గారూ, పరీక్షలో ఏం వచ్చింది?"

"శుభ్రం అని వచ్చిందండి."

"మరి వాపసు ఎలా ఇమ్మంటారు?"

"పిల్లలు పడిపోతున్నారండి."

"నేను కాదనట్లేదు. కానీ కారణం అన్న చోట ఏ పరీక్షలో తప్పిందో ఆ నంబరు వెయ్యాలి. నంబరు లేకపోతే యంత్రం తీసుకోదు. తెప్పల మీద ఎండుచేపలు తింటారు కదా, అవి ఒకసారి చూడండి."

చూశామని చెప్పాను. ఇంకోసారి చూడమన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఒంటరిగా కూర్చుని ఆలోచించాను. తర్వాత ఇంటికి వెళ్ళి, సేమియా ఉప్మా చేసుకుని ఒక పళ్ళెం తిన్నాను. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఇంకో కారణం ఉండే వీలు లేదు. రుచి బాగానే ఉంది. ఆ మాటే నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తోంది. పాడైన వాసన గానీ, చేదు గానీ ఏమీ లేదు. గిన్నె కడుగుతుండగా కింది పెదవి మొద్దుబారింది. తర్వాత వేళ్ళ చివర్లు. గిన్నె చేతిలోంచి జారి సింకులో పడింది, పడిన సంగతి చప్పుడు విన్నాకే తెలిసింది. మంచం మీద పడుకుని, ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో చూసుకుంటూ సాయంత్రం దాకా ఉన్నాను.

మళ్ళీ శశిధర్ గారికి చేశాను. నాలుక ఇంకా తిరగట్లేదు. తినడం మీ తప్పు, డాక్టరుకి చూపించుకోండి అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే కంగారు ఉంది. కానీ నా పెదవికి పరీక్ష నంబరు లేదు.

జూలై 11, మంగళవారం

ఆదివారమే అంగట్లో మిగిలిన సేమియా అంతా అరల్లోంచి తీసి వెనక గదిలో పడేశాను. అమ్మకపోతే సరిపోతుందనుకున్నాను.

ఈ రోజు పడవలో రెండింతల సేమియా వచ్చింది. అర ఖాళీ కావడం యంత్రం చూసింది. మూడో తెప్పలో సేమియాకి గిరాకీ పెరిగిందనుకుని ఇంకా పంపించింది. పడవవాడు దించుతుంటే వద్దన్నాను. "దించకపోతే నా పడవ కదలదక్కా, ఇంజిన్ ఆపేస్తారు," అన్నాడు. ఆయన బాధ ఆయనది.

అంగడికి వచ్చిన వాళ్ళకల్లా సేమియా వండొద్దని చెప్పాను.

"వాపసు వచ్చిందా?" అని అడిగారు.

"రాలేదు. నేను చెబుతున్నాను."

"రాకపోతే మంచిదే కదమ్మా. ఏ దోషమూ లేదన్నమాట," అంది ఒకావిడ.

ఏడిపించడానికి అన్నది కాదు. అక్షరం తప్పుకే ఉప్పు పట్టుకుపోయేవాళ్ళు ఇది వదిలేశారంటే ఇది మహా మంచిదై ఉండాలి అని ఆవిడ లెక్క. ఇంకొకాయన అయితే, వేణమ్మ తనకి కావాల్సినవాళ్ళ కోసం సేమియా దాచిపెడుతోందని నేను వినేలాగే అన్నాడు.

ఈ రోజు వాపసు కూడా ఉంది. అగ్గిపెట్టెలు. పెట్టె మీద బొమ్మ తలకిందులుగా ఉందట.

జూలై 12, బుధవారం

పొద్దున జుబేదా అరుపు వినపడింది. పరిగెత్తాను. నూరీ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి పైపైనే తీస్తోంది. చెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోతోంది. కళ్ళు మాత్రం బాగా తెరిచి మమ్మల్నే చూస్తోంది.

జుబేదాకి నేను సేమియా సంగతి శనివారమే చెప్పాను. ఆమె మానేసింది కూడా. కానీ నిన్న సాయంత్రం ఆమె వలల పనికి వెళ్ళినప్పుడు పిల్లకి ఆకలేసి, మంచం కింది డబ్బాలో దాచిన సేమియా తీసి, నీళ్ళలో నానబెట్టుకుని తినేసింది. ఆ డబ్బా సంగతి జుబేదాయే మర్చిపోయింది.

ఎస్తేరు వచ్చేసరికి పిల్లని గట్టు ఆసుపత్రికి వెళ్ళే పడవ ఎక్కించేశాం. ఎస్తేరు దాని మొహానికి గాలి సంచి పెట్టి చేత్తో నొక్కుతూ కూర్చుంది. నేను తాడు విప్పుతున్నాను. జుబేదా నా వైపు చూసింది.

"నీ అంగట్లో కొన్నదే కదక్కా," అంది.

తిట్టినట్టు అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. పడవ వెళ్ళిపోయింది.

అంగడికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. వాపసులు ఎన్ని రకాలున్నాయో తెర మీద మొత్తం చదివాను. దేనికైనా పరీక్ష నంబరు కావాలి, లేదా పైవాళ్ళ అనుమతి కావాలి. ఒక్క అక్షర దోషానికి మాత్రం రెండూ అక్కర్లేదు. ప్యాకెట్లు కెమెరాకి చూపిస్తే చాలు. కెమెరా చదువుతుంది, తప్పు పట్టుకుంటుంది, అప్పటికప్పుడు అన్ని ఇళ్ళలోనూ తాళం పడుతుంది.

సేమియా ప్యాకెట్ తీసుకుని అక్షరం అక్షరం చదివాను. ముందూ వెనకా, చిన్న అక్షరాలూ పెద్ద అక్షరాలూ. ఒక్క తప్పు లేదు. ఇన్నేళ్ళలో ఒక్క తప్పు కూడా లేని ప్యాకెట్ అదొక్కటే నా చేతికి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గోళ్ళరంగు తుడిచే మందు, దూది తెచ్చుకుని కూర్చున్నాను. ‘సేమియా’లో చివరి దీర్ఘం మీద రుద్దితే అచ్చు ఊడి వచ్చింది. ‘పచ్చ సేమియ’ అయింది. ఒక ప్యాకెట్ చాలదు, కెమెరా మరికొన్ని అడుగుతుంది. అన్నిటికీ అదే చోట, అదే దీర్ఘం చెరిపాను. దూది కాస్త జరిగితే పక్క అక్షరం పోతుంది. పాడైనవి పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాను.

కెమెరా ముందు వరసగా పెట్టాను. తెర మీద ‘అక్షర దోషం నిర్ధారణ అయింది’ అని వచ్చింది. ఆ మాట చదువుతుండగానే గోడ అవతల జుబేదా ఖాళీ ఇంట్లో అల్మరా టక్కుమంది. దాని తర్వాత వరసంతా.

జూలై 14, శుక్రవారం

నూరీకి ఆసుపత్రిలో గొట్టం పెట్టి మిషను మీద ఊపిరి తీయిస్తున్నారు. ప్రాణానికి భయం లేదని గట్టిగా చెప్పట్లేదు. మిషను మీద కొద్ది రోజులు నిలదొక్కుకుంటే బతుకుతుందట. జుబేదా ఫోన్ ఎత్తట్లేదు, ఎస్తేరే చెప్పింది.

నేను సంచి వేసుకుని నిన్నా ఇవాళా సేమియా పోగు చేశాను. అరల్లో ఉన్నది వచ్చింది. ఎంత రావాలో నాకు తెలుసు, సగం కూడా రాలేదు. ప్రతి ఇంట్లోనూ అడిగాను. దాచుకున్నది కూడా ఇవ్వమని బతిమాలాను. అందరూ ఒకటే మొహం పెట్టారు. ఉప్పు పిడత వైపు చూసినప్పుడు మరిడియ్య బాబాయ్ పెట్టిన మొహం.

మధ్యాహ్నం ఆయన ఇంటి ముందు నుంచి వస్తుంటే పోపు వాసన వచ్చింది. లోపలికి చూశాను. పొయ్యి మీద గిన్నెలో పచ్చగా ఉడుకుతోంది. మనవలిద్దరూ పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు.

"బాబాయ్, అది సేమియానా?"

"అవును. నువ్వూ తింటావా?"

"వాపసు వచ్చింది కదా."

"దీర్ఘం పోయిందనే కదమ్మా," అన్నాడు. "దీర్ఘం లేకుండానే తింటాంలే."

గిన్నె దించి అవతల పెట్టాను. చెయ్యి కాలింది. ఆయన కోపంగా లేచాడు. ఏం చెప్పాలి? పిల్లలు పడిపోతున్నది దీనివల్లేనని చెప్పాను. మరి వాపసు కాగితంలో అలా లేదేం అన్నాడు. యంత్రం ఒప్పుకోదని చెప్పాను. నీ మాట నమ్మాలా, అంత పెద్ద యంత్రం మాట నమ్మాలా అన్నాడు. నా దగ్గర ఒకే ఒక్క జవాబు ఉంది. అది ఆ గుమ్మంలో ఆయనొక్కడికే చెబితే మిగతా ఇళ్ళలో పొయ్యిలు ఆరవు.

నేరుగా అంగడికి వచ్చి, తుఫాను కబుర్లు చెప్పే మైకు తీశాను. మూడో తెప్ప మీద మాట్లాడితే గాలివాటాన్ని బట్టి నాలుగో తెప్ప దాకా వినపడుతుంది. ఏం చెప్పానో ఇక్కడ కూడా చెబుతున్నాను. ఎవరైనా వింటే విననీ.

"నేను వేణిని. సేమియా మీద అక్షరం తప్పు లేదు. దీర్ఘం నేనే చెరిపాను. అబద్ధం చెప్పి వాపసు తెప్పించాను. నిజం చెబితే రాలేదు కాబట్టి అలా చేశాను. నిజమేంటంటే అందులో ఏదో విషం ఉంది. అదేంటో నాకు తెలీదు, మన యంత్రానికీ తెలీదు. నేను తిన్నాను, వేళ్ళు మొద్దుబారిపోయాయి. నూరీ తింది, ఊపిరి తీసుకోలేక ఆసుపత్రిలో ఉంది. వండితే పోయే విషం కాదు. నేను వండుకునే తిన్నాను. మంచం కింద ఉన్నా, బిందెలో ఉన్నా తెచ్చివ్వండి. దాచుకున్నారని ఎవర్నీ ఏమీ అనను. నేనూ దాచుకుంటాను."

మైకు కట్టేశాను. చాలాసేపు ఎవరూ రాలేదు. గట్టు ఆఫీసు నుంచి ఫోన్ మోగింది. తీయలేదు.

ముందు మరిడియ్య బాబాయే వచ్చాడు. గిన్నె గిన్నెంతా తెచ్చి అరుగు మీద పెట్టాడు. దాని పక్కన ఒక డబ్బా.

"పిల్లలు తిన్నారా?" అని అడిగాను.

"నువ్వు దించేసి పోయాక ఎందుకో పెట్టబుద్ధి కాలేదు." డబ్బా మూత నొక్కి బిగించాడు. "ఇదేదో మొదటి రోజే చెప్పకూడదూ? ఇన్నేళ్ళుగా తాళాలే వేస్తున్నారు గానీ ఎందుకు వద్దో మాకు చెప్పిందెవరు?"

ఆయన వెనక వరసగా జనం వస్తున్నారు. డబ్బాలు, బిందెలు, మూటలు. ఒకావిడ దిండు గలీబులో పోసి తెచ్చింది.

జూలై 17, సోమవారం

శశిధర్ గారు స్వయంగా వచ్చాడు. దోషం సృష్టించినందుకు నన్ను పని నుంచి తీసేశారు. కొత్త మనిషి వచ్చేదాకా తాళాలు నా దగ్గరే ఉండాలట, ఎందుకంటే వేరే వేలిముద్ర లేదు. అంటే తీసేసినా పని మాత్రం చెయ్యాలి.

ఆ కాగితం ఇచ్చాక ఆయన వెంటనే వెళ్ళలేదు. బల్ల మీద కూర్చుని నీళ్ళడిగాడు.

"ఆసుపత్రి డాక్టరు ప్యాకెట్ ఒకటి కావాలన్నారు. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను," అన్నాడు. "పాచిలో ఒక్కోసారి విషం పుడుతుందట. ఈ మధ్యే తవ్విన చెరువులో పుట్టింది. ఆ చెరువు పాచిని ఈ సేమియాకే వాడారు. మన యంత్రాల్లో ఆ పరీక్షే లేదు."

"అయితే ఇప్పుడు వాపసు కారణం మారుస్తారా?"

"ఒకసారి వాపసు అయిన సరుక్కి రెండో కారణం ఎక్కదు. రాశాను పైకి. పరిశీలిస్తామన్నారు."

ఆయన మొహం చూస్తే అరవబుద్ధి కాలేదు. అరవాల్సినవాళ్ళు ఎక్కడో ఉన్నారు, వాళ్ళ మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

పొద్దున నూరీకి గొట్టం తీసేశారట. తన ఊపిరి తనే తీసుకుంటోంది. ఎస్తేరు ఈ మాట చెప్పి ఫోన్‌లోనే కాసేపు ఏడ్చింది.

జూలై 23, ఆదివారం

నిన్న నూరీ ఇంటికి వచ్చింది. తాడు పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. జుబేదా సాయంత్రం మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని, నేను ఏరుతున్న పెసలు తనూ ఏరింది.

ఈ రోజు పొద్దున సరుకుల పడవ వచ్చింది. కొత్త అంగడి మనిషి ఇంకా రాలేదు కాబట్టి దింపుకోవడానికి నేనే వెళ్ళాను. శశిధర్ గారు పడవలోనే ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. వెనక అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి.

పచ్చ సేమియా.

పై పెట్టె విప్పి చూశాను. మేము వాపసు చేసి గట్టుకి పంపించిన ప్యాకెట్లే. కొన్నిటి మూలలు మా సంచుల్లో నలిగినవి నలిగినట్టే ఉన్నాయి. మీద కొత్త కాగితం అతికించారు. ‘పచ్చ సేమియా’. దీర్ఘం ఉంది. వాపసుకి కారణం అక్షర దోషం కాబట్టి, అక్షరం సరిచేసి తిరిగి పంపించేశారు.

నేను నిలబడ్డ చోటే ఉండిపోయాను. కోపం కూడా రాలేదు. కోపం వచ్చే చోటు దాటిపోయాను. నేను చెప్పిన అబద్ధాన్నే వాళ్ళు బుద్ధిగా బాగు చేసి నా చేతికి ఇస్తున్నారు.

"ఆపడానికి నేను చేయగలిగిందంతా చేశాను," అన్నాడు శశిధర్ గారు. "ఇవి దింపి, రసీదు మీద మీ వేలిముద్ర తీసుకు రమ్మన్నారు."

పడవవాడు తాడు విసిరాడు. పడవ వస్తే తాడు అందుకుని కట్టడం మరిడియ్య బాబాయ్‌కి అలవాటు. తాడు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన వంగలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తాడు జారుతూ జారుతూ నీళ్ళలో పడింది.

"కట్టండి బాబాయ్," అన్నాడు పడవవాడు.

"కట్టను."

అప్పటికే జనం పోగయ్యారు. వెనకవాళ్ళకి సంగతి తెలియకపోతే ముందువాళ్ళు చెబుతున్నారు. ఎవరూ అరవలేదు. అంచు పొడుగునా వచ్చి నిలబడ్డారు. పెట్టె దింపాలంటే కాలు పెట్టే చోటు లేదు. జుబేదా నూరీని ఎత్తుకుని అందరికంటే ముందుకి వచ్చింది.

"సారూ, ఇది మా అమ్మాయి," అంది. "మా అమ్మాయిని చూసి, తర్వాత దింపండి."

శశిధర్ గారు నూరీని చూశాడు. నూరీ కూడా ఆయన్ని చూసింది. పిల్ల ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదు, తల్లి భుజం మీద వేలాడుతోంది. ఆయన చేతిలో ఆఫీసు యంత్రానికి కబురు పంపే తెర పలక ఉంది. సరుకు తిరస్కరించడానికి కారణం అడుగుతోంది అది. ఏదో కొట్టాడు. ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్టాడు. నంబరు కావాలంది. పలక కట్టేసి పక్కన పెట్టాడు.

"పడవ రంగు ఏమన్నా ఉందా?" అని పడవవాణ్ణి అడిగాడు.

అంచులకి వేసే నల్లరంగు డబ్బా ఉంది. కుంచె ముంచి, మొదటి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘విషం’ అని రాశాడు. చెయ్యి అలవాటు లేక రంగు కిందికి కారింది. తర్వాతి పెట్టె మీద కూడా రాశాడు. అన్నిటి మీదా రాసేదాకా ఆగలేదు. చొక్కా చేతులు నల్లగా అయిపోయాయి. మేమంతా చూస్తూ నిలబడ్డాం.

"మీ ఉద్యోగం పోతుందండి," అన్నాను.

"రసీదు మీద మీ వేలిముద్ర లేదు కదా. నా ఉద్యోగం కంటే ముందు దాని సంగతి అడుగుతారు," అన్నాడు. కుంచె డబ్బాలో పెట్టి, ఇంజిన్ ఆగిపోకుండా పర్యవేక్షకుడిగా తన వేలిముద్ర వేసి, పడవ తిప్పమన్నాడు.

నేను అంగడికి పరిగెత్తి మైకు తీసి, పడవలో ఉన్నదేంటో నాలుగో తెప్పకి వినపడేలా చెప్పాను. గాలి అటువైపే ఉంది. బయటికి వచ్చేసరికి నాలుగో తెప్ప అంచున కూడా జనం నిలబడి ఉన్నారు. తాడు విసిరితే వాళ్ళు అందుకుంటారో లేదో ఇక్కడి నుంచి తెలియలేదు.

పడవ అక్కడ ఆగలేదు. నల్ల అక్షరాలు మా వైపు పెట్టుకుని, తిన్నగా గట్టు వైపు వెళ్ళిపోయింది.